రోజూ టార్గెట్ రాసుకుంటున్నా బిల్లులు రావట్లేదు, మీరు రోజుని ఎలా ప్లాన్ చేసుకుంటారు?

పేట కుర్రోడు:

అందరికీ నమస్కారం. నరసన్నపేటలో ఒక డిస్ట్రిబ్యూటర్ దగ్గర సేల్స్‌మేన్‌గా ఈమధ్యే చేరాను. బిస్కెట్లు, సబ్బులు, షాంపూ ప్యాకెట్లు. నెలకి 6 లక్షలు టార్గెట్. 25 పని రోజులనుకుంటే రోజుకి 24 వేలు. బిల్లు సగటున 800 వస్తోంది కాబట్టి 30 బిల్లులు కొట్టాలి. బీట్‌లో, అంటే నేను తిరగాల్సిన షాపుల వరసలో, రోజుకి 40 షాపులుంటే 18 బిల్లులు దాటడం లేదు.

ట్రైనింగ్‌లో స్మార్ట్ గోల్స్ అని చెప్పారు. లక్ష్యం స్పష్టంగా ఉండాలి, కొలవడానికి వీలుండాలి, గడువుండాలి అని. నేనూ పొద్దున్నే డైరీలో 'ఈరోజు 24,000' అని రాస్తున్నాను, ఫోన్లో ఒక ప్లానర్ యాప్ కూడా పెట్టాను. పదకొండయ్యేసరికి అదంతా గాలికి పోతోంది. ఒకచోట ఓనర్ ఉండడు, ఇంకోచోట 'రేపు రా' అంటారు. జలుమూరు వైపు ఊళ్ళు తిరిగే లైను రోజయితే మరీ ఘోరం. ఫీల్డులో పాతబడిన అన్నలెవరైనా చెప్పండి, మీరు రోజుని ఎలా ప్లాన్ చేసుకుంటారు?

లైన్ బాబాయి:

తమ్ముడూ, నీ లెక్కలో తప్పేటీ లేదు. 24 వేలు సరే, 30 బిల్లులూ సరే. కాకపోతే ఆ రెండూ షాపోడి చేతిలో ఉన్నాయి, నీ చేతిలో లేవు. నీ డైరీలో అంతా నీ గురించే ఉంది, షాపోడి గురించి ఒక్క ముక్క లేదు.

ఆ స్మార్ట్ అన్నది 1981లో జార్జ్ డోరన్ అనే ఆయన మేనేజర్ల పత్రికలో రాసింది. మేనేజర్ల కోసమన్నది గుర్తెట్టుకో. పైవాడు కిందవాడికి పని అప్పజెప్పడానికి బాగానే పనికొస్తాది. జలుమూరులో పదకొండింటికి ఏటి చెయ్యాలో అందులో ఉండదు కదా.

18 మంది ఇచ్చారన్నావు. మిగిలిన 22 మంది ఎందుకివ్వలేదో ఎక్కడైనా రాశావా? నేను పాతపట్నం నుంచి సోంపేట దాకా లైన్లు తిరిగినోడిని. నా పాకెట్ పుస్తకంలో బిల్లవని ప్రతి షాపు పేరు పక్కనా ఒక అక్షరం ఉంటాది. 'స' అంటే సరుకుంది, 'ఓ' అంటే ఓనర్ లేడు, 'బా' అంటే పాత బాకీ, 'డ' అంటే డబ్బు ఆడటం లేదు. మర్నాటి ప్లాన్ ఆ అక్షరాల్లోంచే వస్తాది.

'స' అన్న షాపుకి మళ్ళీ వెళ్ళి అదే సరుకు అడిగితే విసుక్కుంటాడు. ఉన్నది ఎప్పటికి అయిపోద్దో అడిగి తేదీ వేసుకో. ఈలోగా అతని దగ్గర లేని ఐటమ్ ఒకే ఒక్కటి చూపించు.

'ఓ' అన్నది పల్లె లైన్లలోనే ఎక్కువ. మన వైపు కొట్టున్న మనిషికి చాలామటుకు పొలమూ ఉంటాది. ఊడుపులప్పుడు, కోతలప్పుడు పొద్దుటిపూట ఇంటావిడో పిల్లలో కూర్చుంటారు. సరుకు దించుకుంటారు గానీ స్కీమ్ (కంపెనీ ఇచ్చే ఆఫర్) మాటెత్తితే 'ఆయన్నడగాలి' అంటారు. అలాంటి రోజుల్లో లైనుని తిరగేసెయ్. రోజూ ఆఖర్ని వెళ్ళే ఊరికి ముందు వెళ్ళు, పొలం మనుషులున్న కొట్లు మధ్యాహ్నం భోజనాల టైముకి పెట్టుకో. నీ జలుమూరు రోగం ఇదేనని నా అనుమానం.

'బా' దగ్గరే కుర్రాళ్ళు బోల్తాపడతారు. పాత బిల్లు కట్టందే కొత్త బిల్లు వెయ్యనని డిస్ట్రిబ్యూటర్ అంటాడు, అంటే అక్కడ ఆర్డర్ కంటే ముందు కలెక్షన్. బోణీ అవకముందు బాకీ అడిగావో, ఆ రోజుకి ఆ షాపు పోయినట్టే. దీపాలు పెట్టాక గల్లాపెట్టిలోంచి డబ్బు తియ్యడు. శుక్రవారం అసలే ఇవ్వరు, కొందరికి మంగళవారమూ పట్టింపే. ఇవన్నీ మూఢనమ్మకాలని వాదించకు, మనకి కావలసింది డబ్బు. ముందురోజు రాత్రి ఫోన్ చేసి 'రేపు వస్తన్నానండి, పాత బిల్లు చూసి ఉంచండి' అను. నేను పదింటి నుంచి మూడింటి లోపు బాకీ షాపులు పెట్టుకుంటాను.

ఇంక 'డ' ఉందే, అది రోజు ప్లాన్‌తో తేలదు, నెల పేజీలో ముందే రాసుకోవాలి. ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా 61 రోజులు మన తీరంలో సముద్రం మీద చేపలవేట నిషేధం. పోలాకి పక్క సముద్రపొడ్డు ఊళ్ళ కొట్లలో ఆ రెణ్ణెల్లూ పెద్ద ప్యాక్ అడగడమే దండగ, ఐదు, పది రూపాయల ప్యాకెట్లు పట్టుకెళ్ళు. అదే వరి పండే లోపలి ఊళ్ళలో కోతలై ధాన్యం డబ్బు చేతికొచ్చాక, సంక్రాంతి ముందు, వద్దన్నా కొంటారు. మహాశివరాత్రికి శ్రీముఖలింగం జనంతో నిండిపోద్ది, ఆ దారి కొట్లకి వారం ముందే సరుకు దింపాలి. కోటబొమ్మాళిలో కొత్తమ్మతల్లి జాతర కూడా అంతే.

ఇప్పుడు లెక్క చూద్దాం. రాత్రి పడుకోబోయేముందు 22 మందిలోంచి 5 పేర్లు ఏరు. ఆ 5 బిల్లులు పడితే రోజుకి 4 వేలు, నెలకి లక్ష. ప్రతి బిల్లులో 150 రూపాయల కొత్త ఐటమ్ ఒకటి ఎక్కిస్తే 23 బిల్లుల మీద నెలకి ఇంకో 86 వేలు. నీ ఇప్పటి 3 లక్షల 60 వేలకి ఇవి కలిపితే ఐదున్నర లక్షల దగ్గరికొస్తావు. మిగిలిన యాభై వేల పైచిలుకు డైరీతో రాదు, బీట్‌లో షాపులు పెంచాలి. అది సూపర్‌వైజర్‌తో తేల్చుకోవాల్సిన మాట.

చీపురుపల్లి కిరాణా:

కౌంటర్‌కి ఇవతలి వైపు నుంచి ఒక మాట. మీ సేల్స్ బాబులందరూ పదికీ పదకొండుకీ మధ్యే దిగుతారు. సరిగ్గా నా కొట్టు నిండా జనం ఉన్నప్పుడు. నేను ఒక చేత్తో పప్పు తూస్తుంటే ట్యాబ్ ముందు పెట్టి స్కీమ్ చదువుతారు. నాకు ఖాళీ అయ్యేది రెండున్నర దాటాకే. నా టైము అడిగి రాసుకున్నోడు నాకు తెలిసి ఒక్కడే, అతనికి ఆర్డర్ లేదనను.

ఇంకోటి. నెలాఖరుకి టార్గెట్ అని సరుకు అంటగట్టకండి. అది నా దగ్గర డేట్ అయిపోద్ది, వచ్చే నెల మీరే మొహం చాటేస్తారు. వచ్చీరాగానే అరలో డేట్ దగ్గరపడ్డ ప్యాకెట్లు చూసి పక్కకి తియ్యండి. అది మీ ప్లాన్‌లో మొదటి పని అవ్వాలి.

గంటస్తంభం అక్క:

విజయనగరంలో బీమా ఏజెంటుని. బాబాయిగారి మాట మీ లైన్లకి సరే గానీ, రోజుకో అంకె లేకపోతే నాకు కుదరదు. మీకు బీట్ ఉంది, నలభై షాపులు మీకోసం తెరిచే ఉంటాయి. నాకు ఏ తలుపూ తెరిచి ఉండదు. రేపు కొత్తగా ఎంతమందితో మాట్లాడాలో అంకె వేసుకోకపోతే నా రోజు టీలతోనే గడిచిపోతుంది. అయితే ఆ అంకె రూపాయల్లో వెయ్యను, మనుషుల్లో వేస్తాను, పక్కన పేర్లతో సహా.

దానికంటే ముందు డ్యూ లిస్టు, అంటే ప్రీమియం కట్టాల్సినవాళ్ళ పేర్లు. నెలనెలా కట్టేవాళ్ళకి గడువు దాటాక కట్టుకోడానికి 15 రోజులే గ్రేస్, మూణ్ణెల్లకో ఏడాదికో కట్టేవాళ్ళకి 30 రోజులు. కాబట్టి నెలవారీ వాళ్ళ ఫోన్లు పొద్దున్నే అయిపోవాలి. టీచర్లని సాయంత్రం ఐదు తర్వాతే కలుస్తాను. దసరా తర్వాతి మంగళవారం సిరిమానోత్సవం, ఆ రోజు పేజీ ఖాళీగా వదిలెయ్యడమే. ఊరంతా పైడితల్లమ్మ దగ్గరే ఉంటుంది.

పేట కుర్రోడు:

చాలా థాంక్స్ అండీ అందరికీ. నిన్నటి 22 కూర్చుని రాశాను బాబాయ్, తొమ్మిది 'ఓ'లే వచ్చాయి! కానీ ఆర్డర్లు కొట్టే మా ఆఫీసు యాప్‌లో షాపులు వరసగానే ఓపెన్ అవుతాయి, జీపీఎస్ కూడా చూస్తారు. లైను తిరగేస్తే వరస తప్పానని రిమార్కు పడుతుంది. ఏం చెయ్యను?

లైన్ బాబాయి:

ఆ వరస ఆఫీసులో కూర్చుని మేప్ చూసి వేసింది, మార్చడానికి వీలుంటాది. అడిగేవాడు లేక అలా ఉండిపోద్ది. నోటితో అడగకు, సాకనుకుంటారు. ఒక వారం జలుమూరు లైను అక్షరాలు, ఏ కొట్టు ఓనర్ ఎన్నింటికి ఉంటాడో ఆ టైములు ఒకే కాగితం మీద రాసి సూపర్‌వైజర్ ముందు పెట్టు. ఆ ఒక్క లైనుకే అడుగు, అన్నిటికీ ఒకేసారి అడిగితే ఇవ్వడు. వీలైతే అతన్నే ఒకరోజు బండి మీద వెంటబెట్టుకెళ్ళు. ఆ లైను శుక్రవారం పడి ఉంటే, పన్లో పని రోజు కూడా మార్పించుకో.