ట్రక్ పుల్లింగ్‌లో ఐస్ ట్యాంకు: నిజంగా పనికొస్తుందా, ఉత్త ఆర్భాటమా?

కోటజంక్షన్ (విజయనగరం):
అమెరికాలో జరిగే ట్రక్ పుల్లింగ్ గురించి తెలియనివాళ్ళకి రెండు ముక్కల్లో చెప్తాను. డీజిల్ పికప్ ట్రక్కుకి వెనక ఒక స్లెడ్ (నేల మీద ఈడ్చే బరువుల బండి) తగిలిస్తారు. బండి కదిలేకొద్దీ స్లెడ్ మీదున్న బరువు పెట్టె ముందుకి జరుగుతూ లోడు పెంచుతుంది. 300 అడుగులు లాగితే ఫుల్ పుల్. ఫుల్ థ్రాటిల్ మీద ఉండేది పదిహేను సెకన్లు, అటూ ఇటూ.

గొడవంతా టర్బోలోంచి (ఇంజన్‌లోకి గాలిని నొక్కి పంపే ఫ్యాను) వచ్చే వేడిగాలి గురించే. వేడిగాలి పల్చగా ఉంటుంది, చల్లబరిస్తే సిలిండర్‌లో ఎక్కువ గాలి పడుతుంది. కొందరు మామూలు ఇంటర్‌కూలర్ పెడతారు, బండి ముందు గాలి తగిలి చల్లబడేది. కొందరు ట్యాంకులో ఐస్ వేసి, ఆ నీళ్ళు కూలర్‌లోకి పంపు చేస్తారు. కొందరు గాలిలోకే నీళ్ళు స్ప్రే కొడతారు. నా ఓటు ఐస్‌కే. నిలబడ్డ చోటు నుంచి మొదలెట్టే బండికి ఎదురుగాలి ఎక్కడిది? మీరేమంటారు?

పంపు_నాజిల్ (రాజాం):
తమ్ముడూ, నేను లారీల దగ్గర చేతులు నల్ల చేసుకున్నవాణ్ణి. మామూలు కూలర్ లీకైతే ఏమవుతుంది? బండి లాగే ఊపు పడిపోతుంది, నల్లపొగ వస్తుంది, హోస్ దగ్గర బుస్సుమని వినిపిస్తుంది. సబ్బునీళ్ళు రాస్తే బుడగ లేచిన చోటే లీకు. క్లిప్పు బిగిస్తే అయిపోయె.

అదే నీళ్ళ కూలర్ లోపల చిల్లు పడిందనుకో. బూస్ట్ (టర్బో పెంచే అదనపు గాలి ఒత్తిడి) ఉన్నంతసేపూ గాలే నీళ్ళలోకి తోసుకుపోతుంది, నీకేమీ తెలీదు. బండి ఆపాక ఒత్తిడి ఉండదు. నీళ్ళు మెల్లగా మానిఫోల్డ్‌లోకి (సిలిండర్లకి గాలి పంచే గొట్టం) దిగుతాయి, వాల్వు తెరిచి ఉన్న సిలిండర్‌లో చేరతాయి. మళ్ళీ సెల్ఫ్ కొట్టావంటే నీళ్ళు నలగవు కదా, కనెక్టింగ్ రాడ్డే వంగుతుంది. పదిహేను సెకన్ల సరదాకి ఇంజన్ మొత్తం పణం పెట్టాలా?

లెక్కల_మాస్టారు (విజయనగరం):
ఇద్దరూ లెక్క వెయ్యకుండా వాదిస్తున్నారు. బయట 30 డిగ్రీలు, 3 బార్ బూస్ట్ (మామూలు గాలి ఒత్తిడి సుమారు 1 బార్, దాని మీద ఇంకో 3), టర్బో సామర్థ్యం 70 శాతం అనుకుందాం. కంప్రెసర్ (టర్బోలో గాలిని నొక్కే భాగం) దాటిన గాలి దాదాపు 240 డిగ్రీలుంటుంది. దాన్ని 60కి దించితే అదే ఒత్తిడిలో గాలి సాంద్రత ఒకటిన్నర రెట్లవుతుంది. కాబట్టి కూలర్ ఉండాలా వద్దా అన్నది ప్రశ్నే కాదు.

ఇక ఐస్. సెకనుకి కిలో గాలి మింగే ఇంజన్ అనుకోండి. 240 నుంచి 50కి దించాలంటే సెకనుకి 190 కిలోజౌళ్ళ వేడి తియ్యాలి, పదిహేను సెకన్లకి 2,850. ఇదంతా 60 లీటర్ల నీళ్ళలోకి ఎక్కిస్తే ఆ నీళ్ళు వేడెక్కేది సుమారు 11 డిగ్రీలే! అంటే లాగుతున్నప్పుడు పని చేసేది ప్రధానంగా నీళ్ళే. ఆ కాసేపట్లో పెద్ద ఐస్ గడ్డ కరిగేది కొద్దిగానే. ముందే నీళ్ళని 2 డిగ్రీలకి తెచ్చిపెట్టడమే ఐస్ చేసే ఉపకారం.

అదెంత లాభం? వేడిగాలికీ నీళ్ళకీ మధ్య ఉన్న తేడాలో 85 శాతం కూలర్ తీసేస్తుందనుకుంటే, 30 డిగ్రీల మామూలు నీళ్ళతో గాలి 61 డిగ్రీల దగ్గర బయటికొస్తుంది, 2 డిగ్రీల నీళ్ళతో 38 దగ్గర. సాంద్రతలో తేడా ఏడెనిమిది శాతం. కోటజంక్షన్ గారు ఓటేసింది నిజానికి నీళ్ళ కూలర్‌కి. పేరు మాత్రం ఐస్ కొట్టేస్తోంది.

కోటజంక్షన్:
పోటీలో ఏడెనిమిది శాతం తక్కువా మాస్టారూ? గెలుపోటములు అడుగుల్లో తేలతాయి. పైగా ట్యాంకు బరువు నష్టం కాదు. ముందు చక్రాలు లేవకుండా వాళ్ళు ఎలాగూ ముందు బరువులు కడతారు. ఆ బరువేదో నీళ్ళ రూపంలో ఉంటే పోయేదేముంది?

గ్రానైట్_లోడు (టెక్కలి):
నాది బండ లోడు. సాలూరు మీదుగా కొరాపుట్ వెళ్ళే ఘాట్ ఎక్కేవాడికి మీ ఐస్ దేనికి బావూ? అరగంట లోడు మీద ఎక్కాలి.

లెక్కల_మాస్టారు:
దేనికీ కాదు. మీ లారీకి 1.5 బార్ బూస్ట్, సెకనుకి పావు కిలో గాలి, వంద డిగ్రీలు దించాలనుకున్నా పది నిమిషాలకి 45 కిలోల ఐస్ కరుగుతుంది. లోడు బదులు ఐసే మొయ్యాలి. మీకు ఎదురుగాలి కూలరే సరి, దాని రెక్కల్లో దుమ్ము కడిగించుకుంటే చాలు.

కోటజంక్షన్:
ఇంకో మెలిక ఉంది. 2.6 అనే క్లాసులో (పోటీ విభాగం) టర్బో గాలి పీల్చే మూతి 2.6 అంగుళాలు దాటకూడదు. అంత చిన్న మూతిలోంచి పోయే గాలికి ఒక హద్దుంటుంది. టర్బో ఆ హద్దు తాకాక వెనక ఎంత చల్లబరిచినా అదనంగా గాలి రాదు, బూస్ట్ గేజి ముల్లు కిందికి దిగుతుంది. అది చూసి కూలర్ పవర్ తినేసిందని పీకేసేవాళ్ళున్నారు. సిలిండర్‌లోకి వెళ్ళే గాలి అంతే ఉంది, ఇంజన్‌లో వేడి మాత్రం తగ్గింది. అల్యూమినియం కరిగేది 660 డిగ్రీల దగ్గర. పిస్టన్ నెత్తి మీద సెగ ఎంత తగ్గితే అంత మంచిదే కదా.

పంపు_నాజిల్:
ఇది ఒప్పుకుంటాను. అయితే ఆ క్లాసులో చల్లబరచాల్సింది టర్బో ముందు. మూతి దగ్గరే నీళ్ళు స్ప్రే కొడితే గాలి అక్కడే చిక్కబడి ఎక్కువ దూరుతుంది. కాకపోతే చుక్క పెద్దదైతే టర్బోలో తిరిగే వీల్ రెక్కల అంచులు కొట్టుకుపోతాయి. తిరిగిన కొన్నాళ్ళకి అంచు చేత్తో తడిమితే రంపంలా గీరుకుంటుంది. నాజిల్ సన్నగా, మంచులా కొట్టాలి.

లెక్కల_మాస్టారు:
మన దగ్గర మూతి ముందు స్ప్రేకి అంత ఫలితం ఉండదు. మే నెలలో విజయనగరంలో ఇంట్లో ఎయిర్ కూలర్ పెట్టి చూసినవాళ్ళకి తెలుసు, ఒళ్ళు జిడ్డు తప్ప చల్లదనం రాదు. గాలిలో తేమ నిండి ఉంటే నీళ్ళు ఆవిరి కావు. కంప్రెసర్ లోపల గాలి వేడెక్కాకే ఆవిరవుతాయి. టర్బో పనిని అది కొంత తేలిక చేస్తుంది, కాదనను.

తేమతో ఐస్‌వాళ్ళకీ చిక్కే. 30 డిగ్రీలు, 80 శాతం తేమ ఉన్న గాలిని నాలుగు బార్లకి (బయటి 1, బూస్ట్ 3) నొక్కితే 52 డిగ్రీల దగ్గరే నీరు పట్టడం మొదలవుతుంది. 38కి దించారంటే కిలో గాలికి పది గ్రాముల పైన నీళ్ళు కూలర్‌లోనే కారతాయి. ఆ ఆవిరి నీరైనప్పుడు విడిచే వేడినీ ఆ ఐస్ నీళ్ళే మొయ్యాలి. ఇందాక నేను చెప్పిన ఏడెనిమిది శాతం పొడిగాలి లెక్క. మన తీరంలో అందులో కొంత కోత పడుతుంది.

గ్రానైట్_లోడు:
అంటే చిల్లు లేకపోయినా ఇంజన్లోకి నీళ్ళేనా!

పంపు_నాజిల్:
ఆ పది గ్రాములు గాలితో పాటు తుంపరగా పోతాయిలే, ఇంజన్ మింగేస్తుంది. నా భయం ఆగాక నిలిచే నీళ్ళ గురించి. తమ్ముడూ, ఐసే పెడతానంటే పెట్టు. కానీ కూలర్ గాలి వైపు అడుగున ఒక డ్రెయిన్ కాక్ (నీళ్ళు వదిలే చిన్న కుళాయి) పెట్టించు. లాగడం అవగానే పంపు ఆపు, కాక్ తిప్పి చూడు. నాలుగు చుక్కలు పడితే మాస్టారు చెప్పిన తేమ. ధార కట్టిందంటే మాత్రం సెల్ఫ్ ముట్టుకోకు. ఇంజెక్టర్లు విప్పి, చేత్తో ఇంజన్ తిప్పి నీళ్ళన్నీ బయటికి పంపాకే స్టార్ట్ చెయ్యి.

కోటజంక్షన్:
కాక్ పెట్టిస్తాను అన్నా. ఓటు మాత్రం మార్చను.