పేస్‌మేకర్ ఉన్న నాయన బోరు మోటరు స్టార్టర్ దగ్గరికి పోవచ్చా?

మాది అనంతపురం దగ్గర పల్లె, చీనీ తోట ఉంది. గుండె నిమిషానికి 40 సార్లు కూడా కొట్టుకోక నాయన కళ్లు తిరిగి పడిపోతుంటే గత నెల పేస్‌మేకర్ పెట్టారు. గుండె పైగదిలోని చిన్న కణాల ముద్ద పుట్టించాల్సిన కరెంటు సరిగా రావడం లేదంట, ఇప్పుడు ఆ పని ఈ బ్యాటరీది. సెల్‌ఫోన్‌ను 15 సెంటీమీటర్లు, ఇండక్షన్ పొయ్యిని 60 సెంటీమీటర్లు దూరం పెట్టమన్నారు. సరే. బోరు మోటరు సంగతి అడగడమే మాకు తట్టలేదు. త్రీఫేజ్ రాగానే ఆయన స్టార్టర్ డబ్బా దగ్గరికి పరిగెత్తుతాడు, చెబితే వినే మనిషి కాదు. గేటుకు వెల్డింగ్ పని కూడా ఉంది.

పేస్‌మేకర్‌తో సేద్యం చేసేవాళ్లు మీ ఇళ్లలో ఉంటే చెప్పండన్నా, స్టార్టర్ ఆన్ చేయొచ్చా? వెల్డింగ్‌కు ఎంత దూరంలో ఉండాలి? మళ్లీ చెకప్ వచ్చే నెలే, అందాకా ఒకటే టెన్షన్.