60 దాటినవాళ్లకు మతిమరుపు పరీక్షలు: కాశీనగర్ వైపు ఊళ్లలో ఎలా మొదలుపెట్టాలి?

ప్రశ్న (సేవాసంఘం కార్యకర్త, ఒడిశాలోని గజపతి జిల్లా)

పర్లాకిమిడి, కాశీనగర్ చుట్టూ తెలుగు మాట్లాడే ఊళ్లలో డిమెన్షియాను (జ్ఞాపకం, ఆలోచన క్రమంగా దిగజారే జబ్బును) తొలిదశలోనే పట్టుకునే కార్యక్రమం పెట్టాలనుకుంటున్నాం. ఊళ్లోని ప్రభుత్వ ఆరోగ్య కేంద్రం, అంటే ఆయుష్మాన్ ఆరోగ్య మందిరం వాళ్లు సహకరిస్తామన్నారు. ముసలివాళ్లలో చాలామంది బడి మొహం చూడలేదు. కొన్ని సవర గిరిజన కుటుంబాలూ ఉన్నాయి. పంచాయతీ ఆఫీసు దగ్గర ఒకరోజు క్యాంపు పెట్టి, జ్ఞాపకం, ఆలోచన చూసే 30 మార్కుల ప్రశ్నల పరీక్ష ఎమ్ఎమ్ఎస్ఈని తెలుగులో అచ్చువేసి అందరికీ చేద్దామని ఆలోచన. ఇది సరైన దారేనా? అనుమానం వచ్చినవాళ్లను ఎక్కడికి పంపాలి?

జవాబు 1 (సీహెచ్‌ఓ అంటే కమ్యూనిటీ హెల్త్ ఆఫీసర్, గుణుపురం వైపు)

క్యాంపు వద్దండీ. మీరు వెతికే మనిషి క్యాంపుకి రాడు. దారి తప్పుతాడని ఇంట్లోవాళ్లు గుమ్మం దాటనివ్వరు. పింఛను రోజున పంచాయతీ దగ్గర నిలబడితే వచ్చినవాళ్లను కాదు, రానివాళ్లను అడగాలి: పోయినేడాది తానే వచ్చి, ఈ ఏడాది కొడుకునో కోడలినో పంపుతున్నది ఎవరు? కాళ్ల నొప్పులవాళ్లు కూడా అందులో ఉంటారు, నిజమే. అయినా ఇళ్లకు వెళ్లడానికి అదే మంచి జాబితా.

30 దాటినవాళ్లకు ఆశా కార్యకర్త ఇంటింటికీ వెళ్లి నింపే ఆరోగ్య ప్రశ్నల ఫారం, సీబాక్‌లో 60 పైబడినవాళ్లకు వేరే ప్రశ్నలున్నాయి. దగ్గరివాళ్ల పేర్లు గానీ, సొంత ఇంటి చిరునామా గానీ మర్చిపోతున్నారా అన్నది అందులో ఒకటి. దేనికి ‘అవును’ వచ్చినా మెడికల్ ఆఫీసర్ దగ్గరికి పంపాలి. చిక్కేమిటంటే, మనవడి పేరు మర్చిపోయేసరికి జబ్బు చాలా ముదిరి ఉంటుంది. పైగా ఊళ్లో చిరునామా ఎవరు చెబుతారు? ‘మీ పక్కిల్లు ఎవరిది, బోరింగు ఎటువైపు’ అని అడగమనండి. తొలిదశ కావాలంటే ఇంట్లోవాళ్లను అడిగే ప్రశ్నలు ఫారానికి అదనంగా చేర్చాలి.

జవాబు 2 (క్లినికల్ సైకాలజిస్ట్)

ఎమ్ఎమ్ఎస్ఈ పక్కన పెట్టండి. చదవడం, రాయడం, తేదీ చెప్పడం, 100 నుంచి ఏడేసి తీసేయడం అన్నిటికీ మార్కులున్నాయి. బడికి వెళ్లని ఆరోగ్యవంతురాలికి కూడా తక్కువే వస్తాయి. మినీ-కాగ్ అనే చిన్న పరీక్షలో గడియారం బొమ్మ గీయమంటారు. పెన్సిల్ పట్టని చేతికి అదీ పనికిరాదు. చదువు లేనివాళ్ల కోసమే హర్యానాలోని బల్లబ్‌గఢ్‌లో హిందీ ఎమ్ఎస్ఈ అనే పరీక్ష తయారుచేశారు. చదివి కళ్లు మూసుకోమనే చోట ‘నేను చేసినట్టు చెయ్యి’ అని కళ్లు మూసి చూపిస్తారు. ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) వాళ్ల పరీక్షల సంపుటి, న్యూరోకాగ్నిటివ్ టూల్‌బాక్స్, తెలుగులో ఉంది గానీ, అది శిక్షణ ఉన్నవాళ్లు ఆస్పత్రిలో కూర్చుని చేసేది. సవర భాషలోకి అప్పటికప్పుడు నోటితో తర్జుమా చేసి మాత్రం ఏ పరీక్షా చెయ్యకండి. ఆ మార్కులకు అర్థం ఉండదు.

ఒక లెక్క చూడండి. 2023లో వచ్చిన లాసీ-డాడ్ అధ్యయనం ప్రకారం దేశంలో 60 దాటినవాళ్లలో 7.4 శాతానికి డిమెన్షియా ఉంది. అంటే 1000 మందిలో 74 మంది. జబ్బున్న నూటిలో 85 మందిని పట్టుకుని, లేని నూటిలో 85 మందిని సరిగ్గా వదిలే పరీక్ష మీ దగ్గరుందనుకుందాం. 63 మంది దొరుకుతారు. వాళ్లతోపాటు ఏ జబ్బూ లేని 139 మంది కూడా దొరుకుతారు. 202 మందికి ‘అనుమానం’ అని చీటీ ఇస్తే పదింట ఏడు అబద్ధం. ఆ చీటీ పట్టుకుని పొలం కాగితాల మీద వేలిముద్ర వేయించుకునే బంధువులు ఎక్కడైనా ఉంటారు. అందుకే అందరికీ పరీక్ష పెట్టకుండా, ఇంట్లోవాళ్లు మార్పు గమనించినవాళ్లకే రెండో మెట్టు ఉంచండి.

మొదటి మెట్టుకు ఏడీ8 అనే ప్రశ్నావళి సరిపోతుంది. 8 ప్రశ్నలు, రోజూ దగ్గరుండే మనిషిని అడగాలి, రెండు లేదా ఎక్కువ ‘అవును’లు వస్తే ముందుకు పంపాలి. అడిగేది మార్పు గురించి. ఎన్నడూ డబ్బు ముట్టని అమ్మ ఇప్పుడు లెక్క చెప్పలేకపోతే అది మార్పు కాదు. సంతలో తానే బేరమాడి చిల్లర లెక్కపెట్టుకున్న మనిషి ఇప్పుడు 100 నోటిచ్చి మిగతా అడక్కుండా వచ్చేస్తోందంటే అది మార్పు. ‘మతిమరుపు ఉందా’ అంటే ‘వయసైపోయింది కదా, చాదస్తం’ అనేస్తారు. ‘ఈమధ్య ఏం జరిగిందో ఒకటి చెప్పండి’ అని అడిగి, చెప్పింది చెప్పినట్టు రాసుకోండి. మోకాళ్ల నొప్పితో మానేసిన పని ఇందులో లెక్కకు రాదు. కోడలిని, కొడుకుని విడివిడిగా అడగడం మంచిది. ముసలివాళ్ల ఎదుట అడగొద్దు.

ప్రశ్న వేసినవారు

ధన్యవాదాలండీ. రెండో మెట్టులో డాక్టరు దగ్గరికి వెళ్లేలోపు ఊళ్లోనే చూడదగ్గవి ఏమైనా ఉన్నాయా?

జవాబు 3 (మెడికల్ ఆఫీసర్)

ఉన్నాయి, అసలు అక్కడే ఎక్కువ మేలు జరుగుతుంది.

అన్నిటికన్నా ముందు, ఎప్పటినుంచి అని అడగండి. రెండు మూడు రోజుల్లో మాట తడబడి, మనుషుల్ని పోల్చుకోలేకపోతుంటే అది డిమెన్షియా కాదు, డెలిరియం, అంటే వేరే జబ్బు వల్ల హఠాత్తుగా వచ్చే మతి గందరగోళం. మన జిల్లాల్లో జ్వరం ఉన్నా లేకపోయినా అక్కడికక్కడే మలేరియా కిట్ పరీక్ష, షుగర్ పరీక్ష చేయించి ఆరోజే ఆస్పత్రికి పంపాలి. గ్లిబెన్‌క్లమైడ్, గ్లిమెపిరైడ్ లాంటి షుగర్ మాత్రలు మింగి అన్నం తినని ముసలివాళ్లకు షుగర్ పడిపోయి ఇలాగే ఉంటుంది. డిమెన్షియా అనాలంటే కనీసం 6 నెలలుగా మెల్లగా దిగజారుతూ ఉండాలి.

తర్వాత చెవులు, కళ్లు. చెవిలో గుమిలి, కంట్లో శుక్లం ఉన్న మనిషి ప్రశ్నకు జవాబివ్వకపోతే మతి పోయిందనుకుంటారు. ఆ తర్వాత మందులు: ఇంట్లో ఉన్న మాత్రల అట్టలన్నీ ఒక సంచిలో వేసి తెమ్మనండి, ఖాళీవి కూడా. జలుబు మాత్రల్లో ఉండే క్లోర్‌ఫెనిరమిన్, నిద్రకని వాడే ఆల్‌ప్రజోలామ్, నొప్పులకిచ్చే అమిట్రిప్టిలిన్, వణుకుకిచ్చే ట్రైహెక్సిఫెనిడిల్ ముసలివాళ్లలో మతిమరుపు తెస్తాయి. ఆపమని మాత్రం మీరు చెప్పకండి. ఆల్‌ప్రజోలామ్ ఒక్కసారిగా ఆపితే ప్రమాదం, ఆ పని డాక్టరుది. గత కొన్ని వారాల్లో పడ్డారా అని కూడా అడగండి, తలలో నెమ్మదిగా రక్తం గూడుకట్టి ఉండొచ్చు. సారా అలవాటుంటే రాయండి. దిగులును చూసే రెండు ప్రశ్నలు, పీహెచ్‌క్యూ-2, సీబాక్ ఫారంలోనే ఉన్నాయి. మార్కులు 3 లేదా పైన వస్తే ముందు దిగులు సంగతి చూడాలి.

మా వైపు చేయించేవి: హిమోగ్లోబిన్, షుగర్, సోడియం, క్రియాటినిన్ (కిడ్నీలకు), టీఎస్‌హెచ్ (థైరాయిడ్‌కు), విటమిన్ బీ12. థైరాయిడ్, బీ12 లోపాలు దొరికితే వైద్యం ఉంది. ఈ-సంజీవనిలో (ప్రభుత్వ ఆన్‌లైన్ వైద్య సలహా సేవలో) స్పెషలిస్టును అడిగేటప్పుడు ఈ రిపోర్టులు, మీ ఏడీ8 కాగితం రెండూ చూపిస్తే ఒక ప్రయాణం తప్పుతుంది. సీటీ స్కాన్ కావాలంటే ముందు పర్లాకిమిడి జిల్లా ఆస్పత్రిలో అడగండి, అక్కడ కుదరకపోతే బరంపురం మెడికల్ కాలేజీకో శ్రీకాకుళానికో వెళ్లాలి. వెళ్లేముందు ఫోన్ చేసి న్యూరాలజీ లేదా మానసిక వైద్య ఓపీ ఏ రోజో కనుక్కోండి.

డిమెన్షియాకు వాడే మందు డోనెపెజిల్ మొదలుపెడితే రోజుకు 5 మి.గ్రా., 4 నుంచి 6 వారాల తర్వాతే 10. నాడి నెమ్మదిగా కొట్టుకునేవాళ్లకు జాగ్రత్త. జబ్బును అది తగ్గించదు, కొన్నాళ్లు కాస్త నిలబెడుతుంది. ఈ మాట ఇంట్లోవాళ్లకు మొదటిరోజే చెప్పాలి, లేకపోతే నెలకే మానేస్తారు.

జవాబు 4 (వృద్ధుల సంక్షేమ కార్యకర్త)

70 దాటినవాళ్లకు ఆయుష్మాన్ భారత్ ఆరోగ్య బీమా వయవందన కార్డు ఉంది కదా అని ధీమా పడొద్దు. అది ఆస్పత్రిలో చేరితేనే పనికొస్తుంది, ఓపీ పరీక్షలకు, నెలనెలా మందులకు కాదు. ఛార్జీలు, మందుల ఖర్చు ఎవరు భరిస్తారో తేల్చుకున్నాకే మొదటి ఇంటికి వెళ్లండి. కుటుంబానికి రెండు నంబర్లు రాసివ్వండి: టెలీమానస్ (మానసిక ఆరోగ్య సలహాకు) 14416, ఎల్డర్‌లైన్ (వృద్ధుల సహాయానికి) 14567. టెలీమానస్‌లో తెలుగు కూడా ఎంచుకోవచ్చు. ఇంకో మాట: ఆశా దీదీ పుస్తకంలో ‘డిమెన్షియా’ అని రాయించకండి, ‘డాక్టరుకు చూపించాలి’ అని చాలు. ఆ పుస్తకం పదిమంది చేతుల్లో తిరుగుతుంది.