సమస్యాపూరణం: చచ్చినట్టి కవియె స్వాగతించె

ఆటవెలది నాలుగో పాదం ఇస్తున్నాం. కవి సమాధిని చూడబోయిన సందర్భం తీసుకోండి. పోయినవాడు ఎలా స్వాగతించాడో పై మూడు పాదాల్లో తేలాలి. 'కలలో కనిపించాడు' అని తప్పించుకోవద్దు.

తిరుచానూరు సభ్యురాలు:

తిరుమలేశు గొలిచి తరిగొండ వెంగమ్మ
పద్యముత్యములను పరచి నిలిచె
బిడియపడక చేర బృందావనము చెంత
చచ్చినట్టి కవియె స్వాగతించె

మాస్టారు: మొదటి పాదంలో ప్రాసయతి ('తిరు', 'తరి'ల్లో రెండో అక్షరాలు కలవడం) హాయిగా పడింది. రెండో పాదం ఊరికే అలంకారం కాదు. 'తాళ్ళపాకవారి లాలి, తరిగొండవారి హారతి' అంటారు కదా! 1817లో పోయిన కవయిత్రి వెంగమాంబ పేరిట స్వామికి ఏకాంతసేవలో ముత్యాల హారతి ఇప్పటికీ ఇస్తున్నారు. 'బిడియపడక' మాత్రం యతి (పాదం మొదటి అక్షరానికి మధ్యలో జోడీ అక్షరం) కోసం లాక్కొచ్చిన మాట. ఆమె బృందావనం, అంటే సమాధి, ఉన్నది తిరుమల హైస్కూల్ ఆవరణలో. 'ముందు బడికి పోయి బృందావనము చేర' అనండి. ప్రాసయతీ కుదురుతుంది, చోటూ తెలుస్తుంది.

చిత్తూరు సభ్యుడు (కొడుకు దగ్గరికి ఇంగ్లండు వెళ్ళినప్పుడు షేక్‌స్పియర్ సొంతూరు స్ట్రాట్‌ఫర్డ్ చూశారట):

రాయి కదపవద్దు రక్ష లేదనె గాని
పుట్టినట్టి యూర బొందనుండి
ఆంగ్లకవిని చూడ నరుదెంచు వారిని
చచ్చినట్టి కవియె స్వాగతించె

మాస్టారు: ఆ ఊరి చర్చిలో, 1616లో షేక్‌స్పియర్‌ను పూడ్చిన చోట, రాయి జోలికి రానివాడికి దీవెన, ఎముకలు కదిపినవాడికి శాపం అని చెక్కి ఉంది. అంత కసురుకునే రాయి స్వాగతించడంలోనే అసలు విరోధం ఉంది. మంచి ఎత్తుగడ. 'పుట్టినట్టి', 'చచ్చినట్టి' జోడీ కూడా బాగుంది. అయితే 'కవిని' అన్నాక మళ్ళీ 'కవియె' పునరుక్తి.

తిరుచానూరు సభ్యురాలు: 'ఏవనేటి గట్టుకేతెంచు వారిని' అంటే?

మాస్టారు: భేష్! ఊరి పక్క నది కూడా పద్యంలోకి వచ్చేసింది.

అలిపిరి కుర్రాడు:

మల్లెదండ తెలుగు తల్లి మెడను వేసి
తిరుపతందు నిలిచె విగ్రహముగ
అలసి కొండ దిగిన యాత్రికులను జూచి
చచ్చినట్టి కవియె స్వాగతించె

మాస్టారు: 'మా తెలుగు తల్లికి మల్లెపూదండ' రాసిన శంకరంబాడి సుందరాచారి! ఈ వారానికి కల్పనలో ఇదే మిన్న. మూడో పాదం చదివితే కాళ్ళ నొప్పులు గుర్తొచ్చాయి. కానీ రెండో పాదంలో యతి ఏదయ్యా? 'తి'కి 'వి' చెల్లదు. 'విగ్రహముగ నిలిచె వీధి మొదట' అని మార్చుకో.

చిత్తూరు సభ్యుడు: విగ్రహం సమాధి ఎలా అవుతుంది సార్? సందర్భం తప్పింది కదా.

అలిపిరి కుర్రాడు: యతి తప్పు ఒప్పుకుంటా అన్నా. సందర్భం మాత్రం వదలను. రోజూ ఆ దారినే పోతుంటాను, ఆయన్ని చూడ్డానికి ఇంకెక్కడికి పొమ్మంటావు?