‘ఉద్దేశపూర్వక వణుకు’ అంటే ఏమిటండీ?

మొన్న హైదరాబాదులో నాన్నగారిని నరాల వైద్యునికి చూపించడానికి వెళ్లినప్పుడు, వేచి ఉండే గదిలో ఒక తెలుగు కరపత్రం చేతికొచ్చింది. రెండు మాటల దగ్గర ఆగిపోయాను: ‘ముఖ్యమైన వణుకు’, ‘ఉద్దేశపూర్వక వణుకు’. మొదటిది చదివితే తక్కిన వణుకులన్నీ అప్రధానం అనిపిస్తుంది. రెండోది మరీ ఘోరం. కావాలని వణికేది బడి ఎగ్గొట్టాలనుకునే పిల్లవాడు ఒక్కడే కదా!

వెనక ఉన్న ఇంగ్లిషు మాటలు ఎసెన్షియల్, ఇంటెన్షన్ అని తెలుస్తూనే ఉంది. వైద్యుల లెక్కలో ట్రెమర్ అంటేనే మన ప్రమేయం లేకుండా, ఒక లయలో, శరీరభాగం ఇటూ అటూ ఊగడం. ప్రమేయం లేనిదానికి ఉద్దేశం ఎలా అంటగడతారు?

డాక్టరుగారు ‘ఎంత వణుకుతోంది’ అని అడగలేదు, ‘ఎప్పుడు వణుకుతోంది’ అని అడిగారు. చేయి ఒళ్లో పెట్టుకుని ఊరకే కూర్చున్నప్పుడా? ఇరానీ చాయ్ కప్పు ఎత్తి పట్టుకున్నప్పుడా? కప్పు పెదవి దగ్గరికి వచ్చేకొద్దీనా? మనకు చలికి గజగజ ఉంది, భయానికి గడగడ ఉంది, కంటికి అదురు ఉంది. ‘ఎప్పుడు’ అని చెప్పే మాట మాత్రం నాకు తట్టడం లేదు. సలహా ఇవ్వండి.

జవాబు (నరాల వైద్యం చదువుతున్న సభ్యురాలు):
ఆ మూడు ప్రశ్నలకూ మూడు పేర్లున్నాయండీ. ఊరకే ఉన్న చేతిలో వచ్చేది రెస్ట్ ట్రెమర్. పార్కిన్సన్స్‌లో సాధారణంగా కనిపించేది ఇదే, సెకనుకు 4 నుంచి 6 సార్లు, వేళ్ల మధ్య మాత్ర నలుపుతున్నట్టు ఉంటుంది. ఎత్తి పట్టినప్పుడు వచ్చేది పోస్చురల్. కదలికలో, గమ్యం దగ్గరపడేకొద్దీ పెరిగేది ఇంటెన్షన్. చిన్నమెదడు గానీ దాని నరాల దారులు గానీ దెబ్బతింటే వస్తుంది. అందుకే రోగిని తన ముక్కునూ మా వేలినీ మార్చి మార్చి తాకమంటాం. వేలు నా వేలికి జానెడు దూరంలో ఉన్నప్పుడు మొదలవుతుంది అసలు తంటా.

ఇక ‘ఎసెన్షియల్’ అనేది వైద్యంలో పాత వాడుక: మరో జబ్బు వల్ల కాక తనంత తానుగా వచ్చినది అని. 2018లో అంతర్జాతీయ నిపుణులు లక్షణాలను ఒక వరుసలో, కారణాలను ఇంకో వరుసలో పెట్టి వర్గీకరణను సవరించారు. దాని ప్రకారం ఆ పేరు పెట్టాలంటే వణుకు రెండు చేతుల్లోనూ కనీసం 3 ఏళ్లుగా ఉండాలి, నరాలకు సంబంధించిన వేరే లక్షణాలు ఉండకూడదు.

జవాబు (విశ్రాంత తెలుగు ఉపాధ్యాయులు):
‘వేపథు’ ఉండగా ఈ వెతుకులాట ఎందుకు? గీత మొదటి అధ్యాయంలో అర్జునుడికి కలిగింది అదే. అష్ట సాత్త్విక భావాల్లోనూ ఉంది. అచ్చతెలుగే కావాలంటే ‘వడకు’ అనండి.

జవాబు (పాతబస్తీ నుంచి ఒకరు):
మాస్టారూ, కరపత్రంలో ‘వేపథు’ అని వేస్తే రోగి అక్కడే వణుకుతాడు. మా పాతబస్తీలో హకీములు ‘రాషా’ అంటారు, అందరికీ అర్థమవుతుంది. కానీ అదీ ‘ఎప్పుడు’ అని చెప్పదు. ఎసెన్షియల్‌కు ‘సహజ వణుకు’ అంటే?

జవాబు (వైద్య విద్యార్థిని):
కుదరదండీ. సహజమైనది వేరే ఉంది. చేతులు చాచితే అందరికీ కంటికి ఆనని వణుకు ఉంటుంది, సెకనుకు 8 నుంచి 12 సార్లు. భయం వేసినా, కాఫీ ఎక్కువైనా అది బయటపడుతుంది. కాలేయం పాడైనవారి చేతులు రెపరెపలాడడం కూడా చూస్తాం. ‘ఫ్లాపింగ్ ట్రెమర్’ అనే పాత పేరులో ట్రెమర్ ఉన్నా, అది వణుకు కాదు. కండరం పట్టు క్షణకాలం జారిపోతుంది, అంతే. దానికి ‘రెపరెప’ అనే మాట భలే సరిపోతుంది.

మొదట అడిగినవారు:
అయితే నా ముసాయిదా ఇదీ: ఊరకున్నప్పటి వణుకు, ఎత్తిపట్టు వణుకు, గురి వణుకు, తనంతట వచ్చే వణుకు. చివరిది పొడుగే, ఇంతకన్నా మంచిది దొరికేదాకా ఉంచుతాను. చర్చంతా నాన్నగారికి చదివి వినిపించాను. ‘గురి వణుకు’ చాలా బాగుందన్నారు. తనది అది కాదని చెబితే కాస్త నొచ్చుకున్నారు.