విరిగిన మానిఫోల్డ్ స్టడ్డు: హెడ్డు దింపాలా, అక్కడే తీయించాలా?

పాలకొల్లు పాతకారు:
పొద్దున్నే స్టార్ట్ చేస్తే టిక్ టిక్ శబ్దం, ఇంజిన్ వేడెక్కాక తగ్గిపోతోంది. చూస్తే ఎగ్జాస్ట్ మానిఫోల్డ్‌ని (ఇంజిన్ పొగ బయటికెళ్లే గొట్టాల మొదలు) హెడ్డుకి (ఇంజిన్ పైభాగం) బిగించే స్టడ్డు (తల లేని బోల్టు), 8 ఎం.ఎం.ది, హెడ్డు అంచుకి సమానంగా విరిగిపోయి ఉందండి. ఇంజిన్‌కీ క్యాబిన్ గోడకీ మధ్య ఇరుకు, చెయ్యి దూరితే తిప్పడానికి చోటు లేదు. ఒక మెకానిక్ హెడ్డు దింపాల్సిందే అంటాడు, ఇంకొకాయన అక్కడే తీస్తానంటాడు. టెన్షన్‌గా ఉంది.

నరసాపురం లేతు:
దింపించేయండి. స్టడ్డు ఇనుము, హెడ్డు అల్యూమినియం. సందులో వంకరగా డ్రిల్ పెడితే బిట్టు మెత్తగా ఉన్న వైపుకే జారుతుంది. బల్ల మీదైతే నిటారుగా దింపుతాం.

తణుకు డీజిల్:
ఒక్క స్టడ్డు కోసమా? హెడ్డు దింపితే గ్యాస్కెట్ కొత్తది, టైమింగ్ మళ్లీ సెట్ చేయాలి, కొన్ని ఇంజిన్లకు హెడ్ బోల్టులు కూడా కొత్తవే. ముందు వెల్డింగ్ చూడండి. మానిఫోల్డ్ తీసి, విరిగిన ముక్క మీద నట్టు పెట్టి, నట్టు మధ్యలోంచి వెల్డింగ్‌తో నింపాలి. ఆ వేడికి తుప్పు పట్టు వదులుతుంది, వెల్డింగ్ అల్యూమినియంకి అంటదు. బ్యాటరీ తీగ ముందే ఊడదీయండి. కాస్త చల్లారాక, ముందు ఇసుమంత బిగించి, తర్వాత విప్పాలి. రొయ్యల చెరువులకు తిరిగే వ్యాన్‌కి రెండు నట్లు ఊడొచ్చాయి, మూడోది పాత తలుపులా కిర్రుమని తిరిగింది. ఉప్పుగాలి ఊళ్లలో ఇది మామూలే.

అమలాపురం సొంతపని:
ఈజీ ఔట్ (విరిగిన స్టడ్డులు తిప్పి తీసే పనిముట్టు) ఉండగా వెల్డింగ్ ఎందుకండి? చిన్న రంధ్రం, ఈజీ ఔట్ దించి తిప్పడమే.

నరసాపురం లేతు:
ఆయ్, అది లోపల విరిగితే మళ్లీ నా దగ్గరకే తెస్తారు. అది గట్టి స్టీలు, మామూలు బిట్టు దాన్ని గీరను కూడా గీరదు. తుప్పు పట్టి వదలని స్టడ్డు, దానికంటే సన్నగా ఉన్న ఈజీ ఔట్‌కి వదులుతుందా?

అమలాపురం సొంతపని:
సరే, ఒప్పుకున్నాను. ఎడమవైపు తిరిగే బిట్టు మాత్రం వాడి చూడండి. ఒక్కోసారి రంధ్రం పెడుతుండగానే ముక్క తనే బయటికొచ్చేస్తుంది.

తణుకు డీజిల్:
ఏదైనా సరే, ఎదురుగా కనపడకపోతే చేయకండి. కింద నుంచి దారి ఉందేమో చూశారా?

పాలకొల్లు పాతకారు:
చూశామండి. కుడి చక్రం, డ్రైవ్ షాఫ్ట్ తీస్తే స్టడ్డు ఎదురుగానే ఉంది! ఇన్నాళ్లూ పైనుంచే అద్దం పెట్టి వెతుకుతున్నాం. వెల్డింగ్‌లో రెండో నట్టుకే తిరిగింది, హెడ్డు దింపలేదు. మిగతా స్టడ్డులు కూడా మార్చేద్దామన్నారు. వాటిలో ఒకటి విప్పుతుంటే విరిగింది. అది మాత్రం పావంగుళం బయటికే ఉంది లెండి.