వణికే చేతులతో ఆరాధనలో వాయించాలా, పక్కకు తప్పుకోవాలా?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ వందనాలు. మా క్రైస్తవ సంఘంలో ఐదేళ్లుగా కీబోర్డు వాయిస్తున్నాను. పోయిన నెల ప్రభువు బల్ల (రొట్టె, ద్రాక్షరసం పంచుకునే ఆరాధన) ఆదివారం నాడు స్త్రీల సమాజం పెద్దమ్మగారు ఒకరు శృతి అడగకుండానే కీర్తన ఎత్తుకున్నారు. నాకు చేతికి బాగా వచ్చింది సి స్కేలు ఒక్కటే. మిగతాదంతా ట్రాన్స్‌పోజ్ బటన్ దయ, వేళ్లు మార్చకుండానే శృతి మారుస్తుంది. దాన్ని నొక్కుతూ ఆమె శృతి కోసం వెతుకుతుండగానే పల్లవీ మొదటి చరణమూ అయిపోయాయి. దొరికిందనుకుని చేతులు పెట్టాను. అర స్వరం తేడా! ముందు వరుసలో పిల్లలు నవ్వారు. సంఘ పెద్ద ఒకరు సౌండు చూసే అబ్బాయికి సైగ చేశారు, నా కీబోర్డు ఆగిపోయింది. మిగిలిన చరణాలన్నీ మోగని కీబోర్డు మీదే వేళ్లు కదిలిస్తూ నిలబడ్డాను. చేతులు తీస్తే అందరికీ తెలిసిపోతుందని భయం.

అప్పటి నుంచి శనివారం రాత్రి నిద్ర పట్టడం లేదు. నాన్నగారేమో "భయం పోయేదాకా తప్పుకో, దేవుని ముందు లోపమున్న అర్పణ పెట్టకూడదు" అంటున్నారు. క్వాయర్ నడిపే అన్నయ్య "ఒకసారి దిగితే మళ్లీ ఎక్కవు" అంటున్నారు. ఈలోగా నది దాటి పాతపట్నం నుంచి వాయించే అబ్బాయిని డబ్బిచ్చి పిలిపిద్దామన్న మాట కూడా వినబడింది. ఎవరి మాట వినాలి?

జయపురం గిటారు
చెల్లీ, ఇది శత్రువు పోరాటం. ఉపవాసముండి ప్రార్థించి ఎక్కు. మోషే తనకు నోటి మాంద్యముందని ఎంత మొత్తుకున్నా దేవుడు ఆయననే పంపాడు కదా.

గుణుపురం హార్మోనియం
తమ్ముడూ, ప్రతిదానికీ సాతానును పిలవవద్దు. ఒక్క స్కేలుతో ఐదేళ్లు నెట్టుకురమ్మని అమ్మాయికి అతను చెప్పలేదు. 1 దినవృత్తాంతములు 25వ అధ్యాయం తీయండి. దేవుని మందిరంలో పాడడానికి పెట్టినవారు 288 మంది, అందరూ నేర్పు పొందినవారే. అక్కడ మనసు మంచిదైతే చాలని ఎవరూ రాయలేదు.

అమ్మాయీ, తప్పుకోవాలేమో అన్న నీ అనుమానంలో సగం నిజముంది. మన కీర్తనల పుస్తకంలో చాలా పాటల మీద రాగం, తాళం అచ్చు వేసి ఉంటాయి. ఎంతమంది చూస్తున్నారు? 19వ శతాబ్దంలో తెలుగు కీర్తనలు రాసిన పురుషోత్తమ చౌదరిగారు మీ పర్లాకిమిడి ప్రాంతం వారే. 1833లో కటకంలో బాప్తిస్మం పొందారు. ఆయన కట్టిన బాణీలు మన రాగాల్లోవి. త్రిపుట తాళం పాటకు కీబోర్డులో ఉన్న నాలుగు దెబ్బల రిథమ్ వేస్తే ఏమవుతుందో నాకు తెలుసు, ప్రతి క్రిస్మస్‌కూ వింటూనే ఉన్నాను. మూడు, రెండు, రెండు కలిపి ఏడు. ముందు చేత్తో వేయడం రావాలి. ఆరు నెలలు దిగి నేర్చుకో. సిగ్గుపడాల్సిన పని కాదు.

రాయగడ డోలక్
మాస్టారూ, ఏడో వచనం చదివి పుస్తకం మూసేశారు. ఎనిమిదో వచనం కూడా చూడండి. పిన్న పెద్ద అని, గురువు శిష్యుడు అని తేడా లేకుండా వంతులకు చీట్లు వేసుకున్నారు. అంటే శిష్యుడికీ వంతు ఉంది. నేర్చుకున్నాక రమ్మని బయట నిలబెట్టలేదు.

చెల్లీ, పనికొచ్చే మాట ఒకటి చెబుతాను. పెద్దవాళ్లు తెలిసిన పాటను ఎప్పుడూ దాదాపు ఒకే శృతిలో ఎత్తుకుంటారు. మా అమ్మ అంతే. ఆ పెద్దమ్మగారి ఇంటికి వెళ్లి నాలుగు పాటలు పాడించుకుని ఫోనులో రికార్డు చేసుకో. ఏ పాటకు ఎంత ట్రాన్స్‌పోజో నోటుబుక్కులో రాసుకో. పాట మధ్యలో వెతకాల్సి వస్తే శబ్దం తగ్గించి ఒక్క వేలితో వెతుకు, రెండు చేతులతో కాదు. పల్లవి చివర ఆమె గొంతు ఎక్కడ వాలుతుందో చాలావరకు అదే నీ షడ్జం, అంటే 'స'. భయం పట్టినప్పుడు వేగం పెరుగుతుంది, అది కూడా గమనించుకో. నేనైతే పెళ్లి ఆరాధనలో పాటను ఎంత పరుగెత్తించానంటే పెళ్లికొడుకు తాళి బయటికి తీయకముందే ఆశీర్వాదం చరణం అయిపోయింది.

బరంపురం సోప్రానో
మీరంతా ఆమె వేళ్ల గురించి మాట్లాడుతున్నారు. అందరి ముందు శబ్దం ఆపించిన ఆ పెద్దాయన గురించి ఎవరూ మాట్లాడరేం?

నేను ఒడియా మాధ్యమంలో చదివాను. తెలుగు మాట్లాడతాను, చదవడం సరిగా రాదు. తెలుగు కీర్తనలను ఒడియా లిపిలో రాసుకుని పాడతాను. ఒడియా పాట పాడితే మరో చిక్కు. వాళ్ల 'అ' మన 'ఒ'కు దగ్గరగా పలుకుతుంది, నేను తెలుగు 'అ' పలికేసరికి యువకుల కూటంలో నవ్వులు. రెండేళ్లు తప్పుకున్నాను. బబులోను నది ఒడ్డున చెరలో ఉన్న యూదులు నిరవంజి చెట్లకు సితారాలు తగిలించినట్టు పాటల పుస్తకం అటక మీద పెట్టాను. ఆ రెండేళ్లలో ఒక్క అక్షరం ఉచ్చారణ కూడా బాగుపడలేదు. ఇంట్లో కూర్చుంటే ఎవరు సరిదిద్దుతారు? మళ్లీ క్వాయర్‌లో చేరాక పక్కన నిలబడే ఒడియా అక్క నా నోటి వంక చూసి దిద్దింది.

గుణుపురం హార్మోనియం
అమ్మా, శబ్దం ఆపించడం తప్పే, ఒప్పుకుంటాను. అలాంటప్పుడు పెద్దవాళ్లు పాటను మళ్లీ ఎత్తించాలి. కానీ నా మాట కూడా వినండి. బల్ల ఆరాధనలో ఒక విధవరాలు కళ్లు మూసుకుని పాడుతుంటుంది. ఆమె చెవిలో అర స్వరం తేడా గుచ్చుకుంటుంది. ఆమె ఆరాధన మన ధైర్యానికి సాధన శాల కాదు.

రాయగడ డోలక్
మరి ఎక్కడ సాధన చేయాలి మాస్టారూ, సమాధుల తోటలోనా?

గుణుపురం హార్మోనియం
బుధవారం గృహ కూటంలో. పదిమంది ఉంటారు, టీ ఇస్తారు, తప్పు పోయినా ఎవరికీ గుర్తుండదు. నేను అక్కడే నేర్చుకున్నాను.

జయపురం గిటారు
ఈటె విసిరిన సౌలు రాజు ముందే దావీదు మళ్లీ కూర్చుని సితారా వాయించాడు. నేను చెప్పేది అంతే.

గుణుపురం హార్మోనియం
ఆ తర్వాత మళ్లీ విసిరినప్పుడు పారిపోయాడు. అది కూడా చదువు తమ్ముడూ.

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
అందరికీ కృతజ్ఞతలు. నిన్న పెద్దమ్మగారింటికి వెళ్లాను. ఐదు పాటలు పాడారు. నాలుగు సరిగ్గా ఎ శృతి దగ్గర ఎత్తుకున్నారు, అంటే నాకు ట్రాన్స్‌పోజ్ మైనస్ మూడు. ఒక్కటే అర స్వరం పైన. అది ఆ రోజు పాడిన కీర్తనే!

జరిగినదానికి క్షమించమని అడగబోయాను. "ఆ రోజు నువ్వు వాయించావా అమ్మా? నాకు వినబడలేదే" అన్నారు. ఏడవాలో నవ్వాలో తెలియలేదు.

ఈ ఆదివారం మొదటి రెండు పాటలకు వాయిస్తానని అన్నయ్యకు చెప్పాను. బల్ల సమయంలో వద్దన్నాను, దానికి ముందు రెండు బుధవారాలు కూటంలో వాయించి చూస్తాను. నాన్నగారికి ఇంకా చెప్పలేదు. డి స్కేలు మొదలుపెట్టాను, నాలుగో వేలు మాట వినడం లేదు.

గుణుపురం హార్మోనియం
వింటుంది. ఆ పైశృతి కీర్తన ఏ తాళం?

మహేంద్రతనయ (పర్లాకిమిడి)
పుస్తకంలో చూశాను మాస్టారూ. త్రిపుట.

గుణుపురం హార్మోనియం
అయితే రిథమ్ బటన్ ముట్టుకోవద్దు. బుధవారం నేను గుణుపురం రైలెక్కి వస్తున్నాను, హార్మోనియం నేనే తెచ్చుకుంటాను.